నాలుగో భాగం ఎవరు రాశారు?

ఆ వారపత్రికలో పుస్తక సమీక్షలు రాసే ఆమెకు కత్తెరమ్మ అని పేరు. పెట్టింది ఎడిటరే. ఆమె చేతిలో పడ్డ పుస్తకం గాయం లేకుండా బయటపడదని ఆఫీసంతా చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం నాలుగో భాగం మూసి, ఏం రాయాలో తోచక కిటికీ వైపు చూస్తూ కూర్చుండిపోయింది.

పుస్తకం పెద్దాయనది. చంద్రుడి మీద గనులు, అబద్ధాలాడే యంత్రాలు అంటూ ఒకప్పుడు కుర్రకారుకి నిద్ర లేకుండా చేసిన సైన్స్ ఫిక్షన్ రచయిత ఆయన. ఎనభై దగ్గర పడ్డాక, గ్రహాంతరవాసులు భూమి మీదకు దండెత్తి రావడం గురించి ఒక సిరీస్ మొదలుపెట్టాడు. మొదటి మూడు భాగాలనీ కత్తెరమ్మ ఉతికి ఆరేసింది. ఎక్కడ చూసినా పేలుళ్ళు, సేనాపతుల ఉపన్యాసాలు. చచ్చేవాళ్ళు బోలెడంతమంది, ఒక్కడి ముఖమూ గుర్తుండదు.

నాలుగో భాగంలో ఒక్క పేలుడు లేదు. ఒక ముసలాయన పొద్దున్నే లేచి, వంటింట్లో ఉన్నది తన భార్య కాదని తెలుసుకుంటాడు. అదే ముఖం, అదే గొంతు, ముంజేతి మీద అదే కాలిన మచ్చ. అయినా ఆమె కాదు. వచ్చినవాళ్ళు యుద్ధం చెయ్యలేదు, చడీచప్పుడూ లేకుండా ఇళ్ళలో చేరి మనుషుల చోట కూర్చున్నారు. చదువుతూ చదువుతూ కత్తెరమ్మ లేచి వెళ్ళి తలుపు గడియ వేసుందో లేదో చూసుకుంది.

“ఇది ఆయన రాసింది కాదు,” అంది మర్నాడు ఆఫీసులో ఎడిటర్‌తో.

“మరెవరు రాశారంటావ్?”

“ఎవరో వెనకుండి రాస్తున్నారు. పోయినేడాది దాకా అంత చెత్త రాసిన మనిషికి ఇప్పుడు ఉన్నట్టుండి ఈ చెయ్యి ఎక్కణ్ణించి వచ్చింది?”

“వెళ్ళి చూసిరా. ఉత్త అనుమానాన్ని అచ్చు వెయ్యలేం కదా.”

పెద్దాయన ఉండేది రెండో అంతస్తులో. బెల్ కొడితే తలుపు జానెడు తెరుచుకుంది, గొలుసు మాత్రం ఊడలేదు. లోపల్నించి ఆయన భార్య కత్తెరమ్మని ఎగాదిగా చూసి, “ఇంటర్వ్యూకి వచ్చింది నువ్వేనా అమ్మా? ఎక్కువసేపు కూర్చోకూడదు మరి,” అంది.

ముందు గదిలో పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, శుభ్రంగా గడ్డం గీసుకుని. భార్య వచ్చి ఆయన పక్కనే కుర్చీ వేసుకుంది. ఇక ఏం అడిగినా జవాబు ఆవిడదే.

“ఈ భాగంలో శైలి పూర్తిగా మార్చారు. ఎందుకు గురువుగారూ?”

“వయసొచ్చింది కదమ్మా, హడావుడి తగ్గింది,” అంది ఆవిడ.

“మీరే స్వయంగా రాస్తున్నారా?”

“చెయ్యి వణుకుతుంది. ఆయన చెప్తుంటే నేను టైపు చేస్తాను.”

కత్తెరమ్మ లోలోపల ‘దొరికావు’ అనుకుంది. అంతలో ఆవిడ టీ కప్పు అందించింది. చీర చెంగు పక్కకు జరిగింది. ముంజేతి మీద కాలిన మచ్చ! కత్తెరమ్మ కప్పు అందుకుంది. సరే, భార్య తన గురించే రాసుకుంది, అని సర్దిచెప్పుకుంది.

వెనక గదిలో ఫోన్ మోగింది. ఆవిడ లేవాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి వెళ్ళింది. వెళ్ళిందో లేదో పెద్దాయన ముందుకు వంగాడు.

“మీరు బయటివాళ్ళు కాబట్టి చెప్తున్నాను,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆవిడ మా ఆవిడ కాదు.”

కత్తెరమ్మ కప్పు కింద పెట్టింది.

“అన్నీ తెలుసు ఆవిడకి. మా పెళ్ళినాటి గొడవలు కూడా పూసగుచ్చినట్టు చెప్తుంది. ఎవరో బాగా నేర్పి పంపారు. ఒక్కటి మాత్రం నేర్పలేకపోయారు. నేను విసుక్కుంటే మా ఆవిడ తిరిగి విసుక్కునేది. ఈవిడ ఊరుకుంటుంది.”

ఆ మాటల పొందిక, ఆ ఆగడం, ఆ చివరి దెబ్బ అన్నీ నాలుగో భాగంలోవే. కత్తెరమ్మ వెనక గది వైపు చూసింది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. నిజం చెప్పాలంటే, ఆ ఒక్క క్షణం కత్తెరమ్మ కూడా ఆవిణ్ణి చూసి జడుసుకుంది.

సాగనంపడానికి ఆవిడ మెట్లదాకా వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

“నేను ఆయన భార్యని కానని చెప్పారా?”

“చెప్పారు.”

“డాక్టరు అది జబ్బే అన్నాడులే. మనుషులు గుర్తుంటారుట, తనవాళ్ళన్న నమ్మకం పోతుందిట. అన్నం నేను పెడితే వాసన చూసి గానీ తినరు. కానీ ఆ కంప్యూటరు ముందు నేను కూర్చుంటే టైపు చెయ్యడానికి వచ్చిన మనిషిననుకుంటారు. ‘రాయండి’ అంటారు మర్యాదగా. నన్ను దెయ్యం అని చెప్తారు, టైపు చేస్తాను. కామా పెట్టమంటారా సార్ అని అడుగుతాను.” ఆవిడ నవ్వబోయింది గానీ నవ్వు సరిగ్గా రాలేదు.

జాలి కలిగింది కత్తెరమ్మకు. అనుమానం మాత్రం పోలేదు. “ఆఖరి అధ్యాయం కూడా ఆయనదేనా అమ్మగారూ? పుస్తకమంతా ఆమెను నమ్మనివాడు, వానలో బయటికి గెంటినవాడు, చివర్లో తలుపు తీస్తాడు. అది మీరు కలిపారేమో అనిపించింది.”

ఆవిడకి కోపం వచ్చింది. “అక్కడ చాలా రోజులు ఆగిపోయారమ్మా. నేనొక్క మాట అందించలేదు. ఓ పొద్దున ‘ఎవరైతేనేం, తడుస్తోంది, తలుపు తియ్యాలి, రాయండి’ అన్నారు. నేనే రాసుంటే ఆ ముసలాడి చేత క్షమాపణ కూడా చెప్పించేదాన్ని!”

కత్తెరమ్మ మెట్లు దిగి వచ్చేసింది. ఆ అధ్యాయంలో క్షమాపణ లేకపోవడమే తనకు అన్నిటికన్నా నచ్చిందని బస్సెక్కాక గుర్తొచ్చింది.

సమీక్షలో జబ్బు మాట ఎత్తలేదు. ఎడిటర్ గుచ్చిగుచ్చి అడిగినా, “ఆయనదే, ఇక వదిలెయ్యండి,” అంది. మొదటి మూడు భాగాలు చదవక్కర్లేదనీ, ముఖ్యంగా మూడోది కాగితానికి దండగనీ, నాలుగోది మాత్రం పెద్దాయన జీవితంలో రాసినవాటన్నిటికంటే మంచి పుస్తకమనీ రాసింది. అందులో ఒక్క అక్షరం మొహమాటానికి రాసింది కాదు.

పత్రిక వెలువడ్డాక ఆవిడ ఫోన్ చేసింది.

“చదివి వినిపించానమ్మా. సంతోషించారు. అయిదో భాగం మొదలుపెడదాం అంటున్నారు. కానీ మూడో భాగాన్ని అంతలేసి మాటలు అనాలా? నాకదే ఇష్టం.”

“బాలేదు కదమ్మగారూ,” అంది కత్తెరమ్మ మెల్లగా.

“బాలేదులే, నాకూ తెలుసు. టైపు చేసేటప్పుడే విసుగొచ్చింది. ఆ మాటే ఆయనతో అంటే, నా మీద కయ్యిమన్నారు. నేనూ ఊరుకోలేదు. ఆ పూటంతా మాటల్లేవు మాకు. అప్పటికింకా నేనే ఆయన భార్యని.”