బల్ల కింద మూడు గీతలు

వడ్రంగి మేస్త్రీ జేబులో జానెడు రసమట్టం ఎప్పుడూ ఉంటుంది. కళ్లజోడు మర్చిపోతాడేమో గానీ, బుడగ అటూ ఇటూ కదిలే ఆ గొట్టాన్ని మాత్రం మర్చిపోడు. విందుకు పిలిస్తే బల్ల మీద అది పెట్టి చూశాకే విస్తరి ముందు కూర్చుంటాడని పేటలో హాస్యం. "చెక్క అబద్ధమాడదు, చేసినవాడే ఆడతాడు" అన్నది ఆయన ఊతపదం.

ఆ సాయంత్రం కొత్త అల్లుణ్ని వెంటబెట్టుకుని బడి మైదానంలో పెట్టిన ఎగ్జిబిషన్‌కి వెళ్లాడు. ఒక రంగులరాట్నం, ఒక జెయింట్ వీల్, పది పన్నెండు కొట్లు, అంతే. ఆయన అందులో అడుగుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అల్లుడు మాటలు తక్కువ మనిషి. కాపురం పెట్టినప్పుడు తాను స్వయంగా చేసిచ్చిన భోజనాల బల్ల ఎలా ఉందని అడిగినా "బాగుంది మావయ్యా" అని ఊరుకున్నాడు. ఇవాళైనా అతని నోట నాలుగు పొగడ్తలు వినాలని మేస్త్రీకి ఉబలాటం.

చివరి కొట్లో ఒక పెద్దావిడ బంతుల ఆట నడుపుతోంది. పొడవాటి బల్ల మీద బంతి దొర్లిస్తే అవతలి చివర ఉన్న ఐదు గుంటల్లో ఒకదాంట్లో పడుతుంది. నడిమి గుంటకి పెద్ద బొమ్మ, ఎడమ మూల గుంటకి ఈల, మిగతావి ఉత్తవి. అల్లుడు మూడు బంతులు దొర్లించాడు. మూడూ ఎడమ మూలకే పోయాయి.

మేస్త్రీ కళ్లు చికిలించాడు. రసమట్టం తీసి బల్ల మీద అడ్డంగా పెట్టాడు. బుడగ పరుగున కుడివైపు చివరికి వెళ్లి అతుక్కుంది.

"చూశావా అల్లుడూ? ఎడమకి వాలు. బంతి జన్మలో నడిమి గుంటకి పోదు."

జనం మూగారు. ఎవరో మోసమన్నారు, ఇంకెవరో మా పిల్లాడూ నిన్న ఓడిపోయాడన్నారు. ఎగ్జిబిషన్ మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఇలాంటి కొట్టు తన ఎగ్జిబిషన్‌లో ఉండటానికి వీల్లేదని, ఈ పూటే సర్దుకుని పొమ్మని ఆవిడతో తేల్చి చెప్పాడు. ఆవిడ బంతులు బుట్టలోకి ఏరడం మొదలెట్టింది. మేస్త్రీ వైపు మాత్రం ఒకసారి నిదానంగా చూసింది.

"మా మావయ్య కంటికి ఏదీ దాగదు," అన్నాడు అల్లుడు పక్కవాళ్లతో. ఆ ఒక్క మాటకి మేస్త్రీ ఛాతీ జానెడు పొంగింది. కింద ఏదో కీలు పెట్టి ఉంటారు, అదీ బయటపెడతానని సెల్లు లైటు వేసుకుని బల్ల కిందికి దూరాడు.

కీలు లేదు. ఎడమ కాళ్లు రెండూ వేలెడంత పొట్టి. పలక అడుగున ఉలితో చెక్కిన మూడు గీతలు, పక్కన ఒక చుక్క.

అది ఆయన గుర్తే.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఆ ఏడు చేతి నిండా పని. ఎగ్జిబిషన్ కొట్టుకి బల్ల కావాలని ఎవరో సన్నటి మనిషి తొందరపెడితే, కంటి కొలత చాల్లే అని కాళ్లు కోసి అదే పూట పంపేశాడు. మళ్లీ దాని మొహం చూడలేదు.

లైటు ఆర్పేశాడు. చీకట్లో మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు. తాను చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకే రోత పుట్టింది. అయినా బయటికొచ్చి, కింద ఏమీ లేదు పోనీ పదండని గొణిగాడు.

రెండడుగులు వేశాడో లేదో ఆవిడ వెనక నుంచి పిలిచింది. బల్ల బరువు, ఎత్తడానికి ఒక చెయ్యి వెయ్యమంది. వెళ్లి ఆ కొస పట్టుకున్నాడు. ఆవిడ ఆయనకి మాత్రమే వినపడేలా మాట్లాడింది.

"నిన్ను రాగానే పోల్చుకున్నా మేస్త్రీ. నీ దగ్గర బల్ల చేయించిన మా ఆయన వాలు మొదటి రోజే చూశాడు. నీకు చెప్పి సరిచేయిద్దామన్నాన్నేను. వద్దన్నాడు. చిన్నపిల్లలు ఎలా వేసినా ఈల గుంటలో పడుతుంది, ఏడుస్తూ పోరు, ఉండనీ అన్నాడు. ఆ ఈలల కోసం వచ్చే పిల్లలతోనే నా ఇల్లు గడుస్తోంది."

"మరి అందరి ముందూ ఆ మాట అనలేదేం?"

"పక్కన అల్లుడున్నాడుగా."

మేస్త్రీ బల్ల కింద పెట్టాడు. మేనేజరు గదికి నడిచి మైకు అడిగాడు. ఆ బంతుల బల్ల చేసింది తనేనని, వంకర తన చేతిదేనని, ఇందాక కింద తన గుర్తు చూసి కూడా దాచాడని చెప్పాడు. తన గొంతు మైదానమంతా తిరిగి తన చెవికే వచ్చి తగిలింది. రాట్నం దగ్గర ఎవరో పగలబడి నవ్వారు. మేనేజరు తల గోక్కుని, సరే, కొట్టు ఉండనీ అన్నాడు.

రేపొచ్చి కాళ్లు సరిచేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నీ రసమట్టం జేబులో పెట్టుకో," అని అల్లుడి చేతిలో మూడు ఈలలు పెట్టింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. వీధి మలుపులో అల్లుడు ఆగాడు.

"మావయ్యా, భోజనాల బల్ల కూడా కొంచెం ఊగుతుంది. కాలి కింద కాగితం మడిచి పెట్టుకున్నాం. మీరొస్తున్నారంటే తీసేసి, మోకాలు ఆనించి కూర్చుంటున్నాను."

మేస్త్రీ తలెత్తలేదు. కూతురింట్లో ఎన్నిసార్లు భోంచేశాడో, ఆ మోకాలు ఎన్నిసార్లు నొప్పి పుట్టి ఉంటుందో లెక్కేసుకుంటూ నడిచాడు.