పడవ అడుగున పసుపు చేయి

నాచారంలోని సుధీంద్ర షెడ్డు నుంచి ఇన్నేళ్లుగా బయటికి వెళ్లినవన్నీ చక్రాల మీదే వెళ్లాయి. నీళ్ల ట్యాంకర్లు, ట్రాక్టర్ ట్రాలీలు, ఒకటి రెండు టిఫిన్ బండ్లు. అలాంటి చోట పడవ తయారవుతోందని తెలిసి, పక్క మందుల కంపెనీ వాళ్లు టీ వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడి చూసిపోయేవారు. ఇరవై అడుగుల ఇనుప పడవ, అడుగు చదును. జనగామ వైపు ఒక పెద్ద చెరువులో చేపలు పట్టే సంఘం వాళ్లు అడిగారు. ఇది బాగుంటే ఇంకో ఐదు చేయించుకుంటామన్నారు.

సంఘం పెద్ద సీతారామయ్య ఒకసారి స్వయంగా వచ్చి చూశాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి. వాళ్ల పాత పడవకు అడుగున తుప్పు తిని చిల్లి పడిందట. నడిచెరువులో వలలు వదిలేసి, డబ్బాలతో నీళ్లు తోడుకుంటూ ఒడ్డు చేరారట. “మాకు ఈత రాదని కాదు బిడ్డా. గని ఈ వయసుల ఎంతసేపు ఈదుతం,” అన్నాడు. ఆ మాట సుధీంద్ర విన్నాడు, తలూపాడు, మరిచిపోయాడు. పక్కన నిలబడి విన్న దుర్గేష్ మాత్రం మరిచిపోలేదు.

దుర్గేష్ ఆ షెడ్డులో పెయింటర్. ఉండేది చిల్కానగర్‌లో. ఉప్పల్‌లో లారీ బాడీలు కట్టే రామస్వామి దగ్గర పని నేర్చి, ముప్పై ఐదేళ్లుగా బ్రష్ దించని మనిషి. రేకు కత్తిరించే మిషన్ ఒకప్పుడు అతని కుడిచేతి ఉంగరం వేలు సగం తీసుకుపోయింది. మాట తక్కువ. రంగు విషయంలో మాత్రం దేవుడు దిగొచ్చినా తగ్గడు. ట్యాంకర్ వెనక అక్షరాలు వంకరగా ఉన్నాయని అన్నందుకు ఒకసారి వారం రోజులు సుధీంద్రతో కలిసి టీ తాగలేదు.

“దుర్గేష్ అన్నా, ట్యాంకర్లకు వేసిన ఎనామిల్ ఇంకా పద్దెనిమిది డబ్బాలుంది. అదీ నీలం రంగు. పడవకి ఇంతకంటే ఏం కావాలి?” అన్నాడు సుధీంద్ర.

“నీలం మంచిగనే ఉంటది సార్. ఎన్ని దినాలు ఉంటదో సూడాలె.”

“ట్యాంకర్‌లోనూ నీళ్లే కదా ఉండేది.”

“ట్యాంకర్‌కు నీళ్లు లోపట ఉంటయ్, మనం రంగేసేది బయట. దీనికి బయటనే నీళ్లు.”

సుధీంద్ర వాళ్ల నాన్న రైల్వేలో ఇంజనీరు. ఏదైనా రుజువు చూపిస్తే తప్ప నమ్మని అలవాటు కొడుక్కీ వచ్చింది. దుర్గేష్‌కు అది తెలుసు. రెండు ఇనుప పలకలు తీసుకుని ఒకదానికి ఎనామిల్ వేశాడు. రెండోదానికి, వేసే ముందు రెండు డబ్బాలు కలుపుకోవలసిన ఎపాక్సీ రంగు వేశాడు. రెండూ గట్టిపడ్డాక నీళ్ల డ్రమ్ములో ముంచి నెల రోజులు అలాగే వదిలేశాడు. తీసేసరికి ఎనామిల్ గోటితో గీకితే పాలమీద మీగడలా చేతికొచ్చింది. రెండో పలక మీద తాళంచెవితో గీసినా గీతే తప్ప పొర లేవలేదు.

“సరే, నీ రంగే వేద్దాం,” అన్నాడు సుధీంద్ర, మనసు పూర్తిగా ఒప్పుకోక. “ఇదీ పొక్కులు లేస్తే?”

“ఒక్క పొక్కు లేసినా నేను బ్రష్ కింద పెడత.”

“అంతే కాదు. మిగతా ఐదింటికీ ఎనామిలే వేస్తాను. నువ్వు నోరెత్తకూడదు.”

“నోరెత్తను సార్,” అన్నాడు దుర్గేష్. పౌరుషం కొద్దీ అనేశాడు కానీ, ఐదు పడవలు తన నోటి మాట మీద నిలబడ్డాయని ఇంటికెళ్లే దారిలో తెలిసొచ్చింది.

ఆ రోజు నుంచి షెడ్డులో అతని రాజ్యమే. సుధీంద్ర పని వరుసంతా తొమ్మిది మెట్లుగా కాగితం మీద రాసి గోడకు అంటించాడు. తుప్పు వదిలేదాకా ఇసుక కొట్టించడం, దుమ్ము ఊదడం, తిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడవడం, ప్రైమర్, ఆ పైన మూడు పూతలు, మధ్యలో ఆరబెట్టడం. రంగులో గట్టిపడే మందు ఎంత కలపాలో డబ్బా మీద రాసి ఉంటే, దుర్గేష్ దాన్ని కంటి అంచనాకు వదలకుండా గ్లాసుతో కొలిచి పోశాడు. కలిపిన రంగు గట్టిపడేలోగా అయిపోయేటట్టు కొంచెం కొంచెంగా కలుపుకున్నాడు. తుడిచిన ఇనుమును ఎవరినీ ముట్టనివ్వలేదు. ఒకసారి సుధీంద్ర ముచ్చటపడి పడవ మీద చేయి వేస్తే, “సార్, చెయ్యి తియ్యున్రి. చెమట, నూనె అంటితే రంగు పట్టదు,” అని ఆ చోటంతా మళ్లీ తుడిచాడు. పడవ పక్కన ఒక బోర్డు మీద సుద్దతో ‘ముట్టవద్దు’ అని రాసిపెట్టాడు కూడా.

ఇంత చేసిన మనిషి ఒక పని మాత్రం కాగితం మీద లేనిది చేశాడు. ప్రైమర్ ఆరిన రోజు, అందరూ భోజనాలకు వెళ్లాక, జేబులోంచి మూతంత స్టీలు డబ్బా తీశాడు. అందులో నువ్వుల నూనెలో కలిపిన పసుపు. అరచేతికి రాసుకుని, బోర్లించి ఉన్న పడవ అడుగున ముందు వైపు గట్టిగా అద్దాడు. తర్వాత పొడిగుడ్డతో పైపైన ఒత్తాడు. ఏదో లేత పసుపు మరక మిగిలింది. దాని మీదే మొదటి పూత వేసేశాడు.

అది రామస్వామి నేర్పిన అలవాటు. “ముందుగాల చెయ్యి, ఎన్కసిరి రంగు. బండి తిరిగినన్ని దినాలు మన చెయ్యి దాని కింద ఉండాలె,” అనేవాడాయన. ఎన్ని లారీలు, ఎన్ని ట్యాంకర్లు చేశాడో అన్నింటి అడుగునా దుర్గేష్ చేయి ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని అతనికి తోచనూ లేదు. అసలు నూనె గురించి ఊరందరికీ పాఠం చెప్పిన మనిషికి, తన అరచేతిలో ఉన్నదీ నూనేనన్న సంగతి తట్టనే లేదు. దాన్ని అతను ఎన్నడూ నూనె కింద జమకట్టలేదు మరి.

మూడు పూతలూ పూర్తయి బాగా గట్టిపడ్డాక పడవను అన్నోజిగూడ దగ్గర నీళ్లు నిండిన పాత రాళ్ల క్వారీకి తీసుకెళ్లి వదిలారు. అది మునగకపోవడంతో వెల్డింగు గెలిచింది. రంగు సంగతి తేలడానికి ఇరవై రోజులు ఉంచారు. ఇరవై ఒకటో రోజు క్రేన్ వచ్చింది. సీతారామయ్య కూడా ఊరి నుంచి బస్సెక్కి వచ్చాడు.

పడవను పైకి తీసి గట్టు మీద దుంగల మీద బోర్లించారు. నీళ్లు కారిపోయాక నీలం రంగు కొత్తదానిలా మెరిసింది. దుర్గేష్‌కు ప్రాణం లేచొచ్చింది. సుధీంద్ర చుట్టూ తిరుగుతూ వెళ్లి ముందు వైపు ఆగిపోయాడు.

“అన్నా, ఒకసారి ఇటు రా.”

జానెడు మేర పొక్కులు లేచి ఉన్నాయి. సుధీంద్ర ఒకదాన్ని తాళంచెవితో పొడిస్తే నీటి చుక్క కారింది, పెచ్చు ఊడింది. అతను కోప్పడలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది దుర్గేష్‌కు.

“పోనీలే. నువ్వు చేయవలసిందంతా చేశావు, నేను చూశాను. డబ్బాలోనే ఏదో తేడా ఉండి ఉంటుంది. మిగతా ఐదింటికీ మన ఎనామిలే వేద్దాం. దాని సంగతి మనకు తెలుసు,” అన్నాడు.

దుర్గేష్ పొక్కులకేసి చూస్తున్నాడు. కింద ఒక గుండ్రటి గుంపు. దాని పైన నాలుగు వరుసలు, పక్కకి ఒకటి. నాలుగింటిలో మూడోది సగానికే ఆగిపోయింది. అతను కుడిచేయి వెనక్కి దాచుకున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. నింద డబ్బా మీదికి పోయింది, అతని పేరు మీద మచ్చ పడలేదు, బ్రష్ కింద పెట్టమని కూడా ఎవరూ అడగలేదు. అప్పుడు సీతారామయ్య దగ్గరికొచ్చి, “అయితే గీ రంగు మంచిది గాదా బిడ్డా?” అని అతన్నే అడిగాడు.

దుర్గేష్ ముసలాయన మొహం చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని కుడి అరచేతిని పొక్కుల మీద పెట్టాడు. వేలికి వేలు సరిపోయింది, తెగిన వేలితో సహా.

“రంగు మంచిదే. తప్పు దాంది గాదు సార్. ఇది నా చెయ్యి.”

సుధీంద్రకు మొదట అర్థం కాలేదు. రామస్వామి దగ్గర నుంచి మొదలుపెట్టి దుర్గేష్ అంతా చెప్పుకొచ్చాడు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

“పసుపా?”

“నువ్వుల నూనె గూడ.”

“నన్ను ముట్టుకోనివ్వలేదు కదయ్యా నువ్వు,” అన్నాడు సుధీంద్ర. ఈసారి కోపం వచ్చింది. “సుద్దతో బోర్డు రాశావు.”

“రాసిన సార్. మాటిచ్చిన, బ్రష్ కింద పెడత. గని ఐదింటికి గీ రంగే వేయించున్రి. నా చెయ్యి లేని కాడ ఒక్క పొక్కు సూపించున్రి, ఎనామిలే వేసుకోన్రి.”

సుధీంద్ర టార్చి తీసుకుని పడవంతా వెతికాడు. అతుకుల దగ్గర, మూలల్లో, దుంగల మధ్య దూరి కూడా చూశాడు. గంట తర్వాత మట్టి దులుపుకుంటూ లేచాడు. ఎక్కడా ఏమీ లేదు.

సీతారామయ్య పొక్కుల మీద వేలితో రాస్తూ అన్నాడు. “కొత్త పడవకు మేం గూడ పెడ్తం పసుపు. లోపట పెడ్తం. నీళ్లకు సూపెట్టుడు ఎందుకు.”

మర్నాడు దుర్గేష్ తన బ్రష్‌లన్నీ కడిగి, పేపర్లో చుట్టి, అప్పజెప్పడానికి షెడ్డుకొచ్చాడు. రాత్రి కంటి మీద కునుకు లేదు. వచ్చేసరికి క్వారీ నుంచి తిరిగి తెచ్చిన పడవ బోర్లించి ఉంది. సుధీంద్ర కళ్లద్దాలు పెట్టుకుని తనే గ్రైండర్ పట్టి ఆ చోటంతా ఇనుము తేలేదాకా గీకేస్తున్నాడు. చేతులకు గ్లౌజులు ఉన్నాయి.

“ఒక్క పొక్కు లేస్తే అన్నావు కదా,” అన్నాడు గ్రైండర్ ఆపి. “పెద్దవీ చిన్నవీ కలిపి ముప్పై పైనే ఉన్నాయి. కాబట్టి ఆ పందెం చెల్లదు. ఆ పొట్లం అక్కడ పెట్టి, గోడ మీద ఏం రాసుందో చూసిరా. వరుస మార్చాను.”

దుర్గేష్ గోడ దగ్గరికి వెళ్లాడు. తొమ్మిది మెట్లూ అలాగే ఉన్నాయి. కింద కొత్త సిరాతో ఇంకొకటి చేరింది.

‘10. రంగు పూర్తిగా గట్టిపడ్డాక, లోపల, వెనక పలక కింద: దుర్గేష్ చేయి. ఆరు పడవలకూ.’

రెండుసార్లు చదివాడు. ముప్పై ఐదేళ్లుగా భోజనాల వేళ దొంగచాటుగా చేసిన పని, అంకె వేసుకుని గోడ మీద ఉంది. అతనికి ఏడుపొచ్చింది. కాసేపు గోడ వైపే నిలబడ్డాడు.

తర్వాత గ్లౌజులు తొడుక్కుని, తిన్నర్ గుడ్డ తీసుకుని పడవ దగ్గరికి వచ్చాడు.

“జర పక్కకు జరగున్రి సార్,” అన్నాడు. “మీరు తుడిస్తే మూలలు వదిలేస్తరు.”