మహాలక్ష్మి గదికి రంగులు

వలల గదిని మహాలక్ష్మికి పడకగదిగా మారుద్దామని రోజా అన్నప్పుడు ఇంట్లో ఎవరూ వద్దనలేదు. సరేననీ అనలేదు. మొగుడు మస్తాన్ కంచంలోంచి తల ఎత్తకుండా "నీ ఇష్టం" అన్నాడు. అత్త పోలమ్మ చేపల గంప కడుగుతూ, "ఏడేండ్ల బిడ్డకి గది ఎందుకు, నా పక్కలో పడుకుంటా ఉండాది గదా" అని మాత్రం గొణిగింది. రోజా దాన్ని ఒప్పుకోలు కిందే జమ కట్టుకుంది.

ఆమె ఈ పాళేనికి కోడలై వచ్చి ఏడాది నిండలేదు. మస్తాన్‌కు ఇది రెండో పెళ్లి. మొదటి భార్య కామాక్షి జబ్బుపడి చెన్నై ఆసుపత్రిలో పోయిందని, ఒక ఆడపిల్ల ఉందని సంబంధం తెచ్చినవాళ్లు ముందే చెప్పారు. రోజా ఆలోచించుకునే ఒప్పుకుంది. ఆమె చిన్నతనమంతా పులికాట్ ఒడ్డున ఒకే గదిలో, అక్కచెల్లెళ్ల కాళ్ల మధ్య పడుకోవడంతోనే గడిచిపోయింది. తర్వాత తడ దగ్గర ఫ్యాక్టరీలో పనికి చేరితే హాస్టల్లోనూ అదే తంతు. తనదంటూ ఒక మూల ఉండటం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తల్లిలేని పిల్లకు అది ఇవ్వగలిగితే, ఆ పిల్ల తన వైపు తిరుగుతుందేమోనని ఆశ.

మహాలక్ష్మి అల్లరి చేసేది కాదు, ఎదురు చెప్పేది కాదు. ఇంటికొచ్చిన చుట్టంతో మెలిగినట్టు రోజాతో మర్యాదగా మెలిగేది. "పిన్నీ, పులుసు బాగుండాది" అనేది. జడ వేస్తానంటే మాత్రం తల వెనక్కి లాక్కుని అవ్వ దగ్గరికి పరిగెత్తేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి, "మీ ఊరికి ఎప్పుడు పోతావు పిన్నీ?" అని అడిగింది. ఆ మాట రోజాకు ముల్లులా దిగింది. పిల్లకు తనంటే గిట్టదని, సవతి తల్లి బతుకు ఇంతేనని సరిపెట్టుకుంది.

గూడూరులో రైల్వే స్టేషన్ వెనక పాత సామాన్ల కొట్టు ఉంది. అక్కడ ఒక చెక్క మంచం, చదువుకునే బల్ల, ఒక కుర్చీ ఏరుకుంది. మార్కెట్లో నిమ్మకాయల బస్తాలు దించి ఖాళీగా వస్తున్న ట్రాలీ ఆటోలో వాటిని వేసుకుని, చిట్టమూరు మీదుగా ఇంటికి చేర్చింది. రంగులు వేయడం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. మంచానికి నిండు పసుపు, బల్లకు నీలం, కుర్చీకి పండుమిరప ఎరుపు. పాళెంలో ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి, "ఏందమ్మే, తిరునాళ్ల అంగడి పెడతా ఉండావా?" అని నవ్వారు. రోజా కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆ ఇల్లు తన ఇల్లులా అనిపించింది.

వలలు, తాళ్లు, ఇంజను సామాన్లు పెరట్లోకి చేర్చాక వాటి వెనక ఒక చెక్క బీరువా బయటపడింది. ఉప్పుగాలికి రంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"ఇది ఎవరిది?" అని అడిగింది.

మస్తాన్ గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "పాతదే. ఏం చేసుకుంటావో చేసుకో" అని, వల భుజాన వేసుకుని సముద్రం వైపు వెళ్లిపోయాడు.

బీరువా తలుపు తెరిస్తే లోపలి వైపు నిండా బొట్టుబిళ్లలు. ఎవరో ఆడమనిషి ప్రతి రాత్రీ నుదుటి మీది బిళ్ల తీసి అక్కడ అంటించినట్టు, ఎర్రవి, మెరూన్‌వి, రాళ్లు పొదిగినవి, వంకరటింకర వరసల్లో ఉన్నాయి. అవి కామాక్షివని రోజాకు అర్థమైంది. చెయ్యి ఆగింది. కానీ ఏం చేసుకుంటావో చేసుకోమని మొగుడే అన్నాడు గదా. పైగా ఆ బొట్ల వంక చూస్తుంటే, ఇంకొకరి అద్దం ముందు నిలబడినట్టు ఇబ్బందిగా ఉంది. బ్లేడు తెచ్చి అన్నిటినీ గీకేసింది. గరుకు కాగితం పెట్టి తలుపంతా నున్నగా రుద్దింది. ఆ చెత్తంతా ఊడ్చి, పెరట్లో ఎండాకులతో కలిపి నిప్పంటించింది. మధ్యాహ్నానికి బీరువా లోపలా బయటా చిలకపచ్చ రంగుతో మెరిసిపోయింది.

నాలుగింటికి మహాలక్ష్మి బడినుంచి వచ్చింది. పుస్తకాల సంచీ వీపునే ఉంచుకుని గది గుమ్మంలో నిలబడింది. పసుపు మంచం చూసి నోరు తెరిచింది.

"ఇది నాదా?"

"నీదే. ఇంకా తడి ఆరలా, ముట్టుకోమాకు."

పిల్ల ముట్టుకుంది. వేలికి అంటిన పసుపు చూసుకుని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు వినడం రోజాకు అదే మొదటిసారి. గుండె పొంగిపోయింది. పిల్ల బల్ల చుట్టూ తిరిగింది, కుర్చీ చుట్టూ తిరిగింది. అప్పుడు ఆమె చూపు బీరువా మీద పడింది.

నవ్వు ఆగిపోయింది. నిదానంగా వెళ్లి తలుపు తీసింది. లోపలి వైపు చూసింది. రెండో తలుపు కూడా తీసి చూసింది.

"పిన్నీ, అమ్మ బొట్లు ఏవి?"

రోజా చేతిలో కుంచెతో దగ్గరికి వచ్చింది. "పాతబడిపొయినాయి పాపా. నేను..."

"అమ్మొస్తే ఏం పెట్టుకుంటాది?"

ముందు రోజా సరిగ్గా వినలేదనుకుంది. చేతిలోని కుంచె డబ్బా అంచున పెట్టి, "ఏమన్నావు?" అంది.

"అమ్మ మద్రాసు నుంచి వచ్చినాక అడగదా? నా బొట్లు యాడ పెట్టినారు అని? అవ్వ చెప్పింది, ఆసుపత్రిలో బాగైనాక వస్తాదని. వచ్చేదాకా ఎవురూ ముట్టుకోగూడదు." పిల్ల గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. "నువ్వు అమ్మొచ్చేదాకా మాకు అన్నం వండేదానికి గదా వచ్చినావు? అమ్మ వస్తే నువ్వు మీ ఊరికి పోతావు. అప్పుడు నన్ను గదా కొడతాది?"

రోజా రంగు మరకల నేల మీద అలాగే చతికిలబడింది.

ఈ పిల్లకు తల్లి చచ్చిపోయిందని తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఇన్నాళ్లుగా చూసినవన్నీ ఒక్కసారిగా తలకిందులయ్యాయి. మీ ఊరికి ఎప్పుడు పోతావని అడిగింది గిట్టక కాదు. జడ వెయ్యనివ్వనిది మొండితనంతో కాదు, తల్లి చోటు తల్లి కోసమే దాచిపెట్టుకుంది. ఇంట్లో కామాక్షి ఫొటో ఒక్కటి కూడా లేకపోతే, కొత్త పెళ్లాం మనసు నొచ్చుకుంటుందని తీసేశారేమోనని రోజా లోలోపల సంతోషపడింది కూడా. దండ వేసిన ఫొటో పెడితే పిల్లకు తెలిసిపోతుందని పెట్టలేదన్నమాట.

మహాలక్ష్మి తడి రంగును గోళ్లతో గీకడం మొదలుపెట్టింది, కింద ఎక్కడో బొట్లు ఉంటాయన్నట్టు. పచ్చరంగు గోళ్లలోకి దిగుతోంది. రోజా ఆ చేతులు పట్టుకుంది. "లేవు పాపా. కింద లేవు." పిల్ల విదిలించుకుని గీకుతూనే ఉంది.

అప్పుడే పోలమ్మ ఖాళీ గంపతో వచ్చింది. రోజా ఆమెను చెయ్యిపట్టి పెరట్లోకి లాక్కుపోయినంత పని చేసింది.

"అత్తా, పాపకి చెప్పలేదా?"

ఏ సంగతో అడగకుండానే పోలమ్మకు అర్థమైంది. గంప దించి దాని పక్కనే కూర్చుంది. "అప్పుడు దానికి ఐదేండ్లే. బుచ్చిరెడ్డిపాళెంలో మా చెల్లెలింటికి పంపినాం. అంతా అయిపోయినాక తీసుకొచ్చినాం. వచ్చీరాగానే అమ్మేది అనింది. ఎట్టా చెప్పేది? రేపు చెప్తాం, ఎల్లుండి చెప్తాం అనుకుంటానే..."

"రెండేండ్లు! ఊరంతటికీ తెలుసు గదా. బడిలో పిల్లోళ్లు ఎవురూ అనలేదా?"

"ఒక పిల్ల అనింది." పోలమ్మ కళ్లు దించుకుంది. "ఇది ఆ పిల్ల చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. టీచరమ్మ ఇంటికొచ్చింది. ఆ పిల్లే అబద్ధం చెప్పిందని నేనే అన్నా. ఇంక ఎవురూ దాని ముందర ఆ మాట ఎత్తలా."

నిజం చెప్పిన పిల్లను అబద్ధాలకోరును చేశారు. రోజా మాత్రం రోజూ ఆ పిల్లకు అన్నం పెడుతూ, సవతి తల్లిగా కూడా కాదు, తల్లి వచ్చేదాకా ఉండే పనిమనిషిలా తిరిగింది. ఈ సంగతి అత్తకు తెలుసు, మొగుడికి తెలుసు.

మస్తాన్ ఒడ్డునుంచి వచ్చేసరికి ఆమె గుమ్మంలో కాచుకుని ఉంది.

"ఈరోజు చెప్పాల," అంది. "ఇప్పుడే."

అతను గదిలోకి తొంగి చూశాడు. గీతలు పడ్డ పచ్చ తలుపు, దాని ముందు కూతురు. ముఖం పాలిపోయింది. "నా వల్ల కాదు రోజా. నువ్వొస్తే మెల్లంగా మరిచిపోతాదనుకున్నా."

"నన్నందుకా తెచ్చినావు?"

రోజాకు ఆ క్షణాన చీరలు నాలుగు సంచిలో కుక్కుకుని, పిల్ల అన్నట్టే తన ఊరికి పోవాలనిపించింది. ఫోన్ తీసి అక్క నంబరు దాకా వెళ్లింది కూడా. లోపలినుంచి గోళ్లు చెక్క మీద గీరుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఫోన్ కిటికీలో పెట్టేసింది.

"లోపలికి రా," అని మాత్రం అంది.

మస్తాన్ వెళ్లి చూసుకోకుండా తడి మంచం మీదే కూర్చున్నాడు. లుంగీకి పసుపు అంటుకుంది. కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. "అమ్మీ, మీ అమ్మని మద్రాసుకి తీసకపొయినాం గదా... ఆడ డాక్టర్లు శానా చూసినారు..." అక్కడే ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ డాక్టర్ల దగ్గరే ఆగాడు. నడిసముద్రంలో ఎంత గాలి రేగినా బెదరని మనిషి, పిల్లదాని ముందు ఆ ఒక్క మాట దాటలేకపోతున్నాడు. మహాలక్ష్మి తండ్రిని చూసింది, గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకున్న అవ్వను చూసింది. ఆఖరికి రోజా వైపు తిరిగింది.

"ఏంది పిన్నీ?"

రోజా ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మెత్తగా చెప్పే మాటలు ఏవైనా ఉన్నాయేమోనని వెతుక్కుంది. దొరకలేదు.

"మీ అమ్మ చచ్చిపొయ్యింది పాపా. ఆసుపత్రిలోనే. ఇంక రాదు."

పిల్ల కదలలేదు. ఏడవనూ లేదు. "నేను బుచ్చిరెడ్డిపాళెంలో ఉన్నప్పుడా?" అంది.

"ఆ."

"ఆడ నాకు మామిడిపండ్లు ఇచ్చినారు. నేను తిన్నా." అప్పుడు ఆమె పెదవులు వంకరపోయాయి. "అమ్మ చచ్చిపోతా ఉంటే నేను మామిడిపండ్లు తింటా ఉన్నా."

పోలమ్మ పెద్దగా ఏడుస్తూ పిల్లను ఎత్తుకోబోయింది. మహాలక్ష్మి రెండు చేతులతో ఆమెను తోసింది. ముసలామె వెనక్కి తూలి గోడకు ఆనుకుంది. ఆ పచ్చటి చేతుల ముద్రలు ఆమె చీర మీద పడ్డాయి. తండ్రి పట్టుకోబోతే అతన్నీ తోసింది. ఎవరి దగ్గరికీ పోకుండా బల్ల కిందికి దూరి, మోకాళ్లలో తల పెట్టుకుంది. రోజా బయటే, నేల మీద, ఆ పిల్లకు కనబడేంత దూరంలో కూర్చుంది. ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మస్తాన్ వేటకు పోలేదు. కూతుర్ని సరుగుడు తోపు అవతలికి, కామాక్షిని దహనం చేసిన చోటికి తీసుకెళ్లాడు. మహాలక్ష్మి రోజా చెయ్యి పట్టుకుని నడిచింది. అక్కడ చూడటానికి ఏమీ లేదు. ఇసుక, రాలిన సరుగుడు పుల్లలు, దూరంగా అలల హోరు. "ఈడేనా?" అని అడిగింది. ఈడే అన్నాడు తండ్రి. ఆమె రోజా ముఖంలోకి చూసింది. రోజాకు ఆ చోటు సంగతి తెలియదు. పిల్ల ఎదురుచూస్తోంది. "నాకు తెలవదు పాపా, అప్పుడు నేను లేను. మీ నాయన ఈసారి నిజమే చెప్తా ఉండాడు, చూడు ఆయన్ని" అంది. మస్తాన్ ఇసుకలో కూర్చుని, ఇన్నాళ్ల ఏడుపు ఏడుస్తున్నాడు. మహాలక్ష్మి కాసేపు చూసి, వెళ్లి అతని పక్కన కూర్చుంది.

ఆ తర్వాత ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. ఎవరేం చెప్పినా మహాలక్ష్మి వచ్చి రోజాను అడిగేది. "వాన వస్తాదంట, నిజమా?" "అవ్వకి కాలునొప్పంట, నిజమా?" "నాయన సందేళకి వస్తానన్నాడు, నిజంగా వస్తాడా?" రోజా తెలిసినదానికి తెలుసని, తెలియనిదానికి తెలియదని చెప్పేది. అంత నమ్మకం ఆమెకు బరువుగా ఉండేది. తను గీకేసిన బొట్లు తిరిగి రావు. దానికి క్షమాపణ చెప్పుకుంటే పిల్ల, "నీకు చెప్పలేదు గదా, నీకెట్టా తెలుస్తాది" అంది. నెల్లూరులో స్టూడియోవాళ్ల దగ్గర కామాక్షి పెళ్లి ఫొటో పెద్దది చేయించి, హాల్లో గోడకు కొట్టింది రోజానే. పోలమ్మతో పిల్ల మాట్లాడటానికి మాత్రం వానాకాలం దాకా పట్టింది.

ఆ గదిలో మహాలక్ష్మి పడుకోలేదు, చాలా రోజులు. మంచం రంగు ఆరి, దుమ్ము పట్టి, రోజా మళ్లీ తుడిచింది. ఒక ఆదివారం కుర్చీ కాళ్లకు మిగిలిన ఎరుపు వేస్తుంటే పిల్ల వచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నీ, నువ్వు గూడా చచ్చిపోతావా?"

రోజా కుంచె ఆగింది. లేదని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలిసింది. పోలమ్మ ఆ రోజు అబద్ధం ఎందుకు ఆడిందో కూడా తెలిసింది.

"పోతా. ఎప్పుడో ఒకప్పుడు అందరం పోతాం. ఎప్పుడని నాకు తెలవదు."

మహాలక్ష్మి డబ్బాలోని రెండో కుంచె తీసుకుని, కుర్చీ అవతలి కాలికి రంగు పూయడం మొదలుపెట్టింది.