లూర్ట్ గారికి తొందరపడి వచ్చిన సంతాపం

మా ఊరి గాలిమరకి మళ్లీ రెక్కలు బిగించడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఏడేళ్లు కుళ్లిన దూలాలకీ, పైకప్పుకీ పోయాయి. మిగతా రెండేళ్లు లూర్ట్ గారిని బతిమాలడానికి పోయాయని నేనంటే వడ్రంగి డౌవె నవ్వుతాడు గానీ, అది నిజం.

లూర్ట్ గారికి ఎనభై ఆరేళ్లు. ఆ మరలో చివరిసారి పిండి ఆడించింది వాళ్ల నాన్న. పక్కన బస్తాలు ఎత్తింది ఈయన. కరెంటు మోటార్లు వచ్చిన కొత్తలో, "ఇంక ఆపెయ్ నాన్నా" అన్నదీ ఈయనే. పెద్దాయన మారుమాట్లాడకుండా ఆపేశారు, మూడేళ్లకే పోయారు. ఆ తర్వాత లూర్ట్ గారు పాల లారీ తోలుకుంటూ బతికారు గానీ, మర గుమ్మం మళ్లీ తొక్కలేదు.

నేను పరీక్ష పాసై మర నడిపే పత్రం తెచ్చుకున్నదాన్ని. కానీ ఆ రాళ్ల గుణం తెలిసిన మనిషి ఊళ్లో ఆయనొక్కరే. ఆయన రాకుండా మర తిరిగితే ఈ తొమ్మిదేళ్లూ బూడిదలో పోసినట్టేనని నా మొండితనం. ఎప్పుడు అడిగినా ఒకటే మాట.

"అది మా నాన్న మర కాదమ్మా. మీరు చేసుకున్న బొమ్మ. బొమ్మ దగ్గర నాకేం పని?"

ఒళ్లు మండిపోయేది. ఇంటికొచ్చి ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని.

ప్రారంభోత్సవానికి వారం ముందు, శనివారం పొద్దున, మంచి పడమటి గాలి. డౌవె, నేను మొదటిసారి గోధుమలు పోసి మర తిప్పాం. రాళ్ల మధ్య నుంచి వెచ్చటి పిండి రాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం బ్రేకు వేసి రెక్కలు ఆపి, లోపల కూర్చుని బఠాణీ సూపు తాగుతున్నాం. రొట్టెల కొట్టు స్వాంట్యె సైకిలు మీద రొప్పుతూ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లూర్ట్ గారు పోయారటగా ఇమ్కె. మాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"ఎవరు చెప్పారే?"

"ఊరంతా అదే అనుకుంటున్నారు."

సూపు వదిలేసి సైకిలెక్కాను. దారి పొడుగునా ఏడ్చాను. రెండేళ్లు బతిమాలించుకుని, ఇంకొక్క వారం ఆగలేకపోయారా అని తిట్టుకున్నాను కూడా. ఒక్కసారి వెనక్కి తిరిగి మరవైపు చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

లూర్ట్ గారి గేటు దగ్గర ఏడెనిమిది సైకిళ్లున్నాయి. గుమ్మంలో చెక్క చెప్పులేసుకుని, రెండు చేతుల్లో రెండు కేకులు పట్టుకుని ఆయనే నిలబడి ఉన్నారు.

"రా, నువ్వూ రా. పరామర్శకని అందరూ కేకులు తెచ్చారు, నువ్వేం తెచ్చావు?"

"మీరు... బతికే ఉన్నారే."

"పొద్దుట్నుంచీ బాగానే ఉన్నాను. నువ్వే అంతెత్తున చాటింపు వేశావు. అటు చూడు."

పొలాల అవతల మా మర. మర ఆగిన తీరే ఊరికి కబురు, అది పాత ఆచారం. కింది రెక్క మర గుమ్మం దాకా రాకముందే ఆగితే ఎవరింట్లోనో పెళ్లో, పురుడో అని అర్థం. గుమ్మం దాటి ఆగితే చావు. నా రెక్క దాటి ఆగింది. అరవై ఏళ్ల తర్వాత తిరిగిన మర సంతాపంలో ఆగితే, ఊరు ఇంకెవరి కోసమనుకుంటుంది? పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు నిండు మార్కులొచ్చాయి.

"బ్రేకు జారిందండీ" అన్నాను తలొంచుకుని.

"జారుతుంది. మా నాన్నకీ జారేది. రెక్క ఇంకా పక్కనుండగానే బ్రేకు పట్టాలి." కేకులు నా చేతిలో పెట్టారు. "పద. ఇలా వదిలేస్తే రాత్రికల్లా శవపేటిక కూడా తెచ్చేస్తారు."

నడిచే వెళ్లాం. పరామర్శకొచ్చిన వాళ్లందరూ మా వెనకే. మర దగ్గరికొచ్చాక ఆయన ఆగిపోయారు.

"ఆపెయ్యమన్నప్పుడు ఆయన నన్ను తిట్టలేదమ్మా. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎప్పుడో వచ్చేవాణ్ణి."

బ్రేకు తాడు ఆయన చేతికిచ్చాను. రెక్కలు మూడు చుట్లు తిరిగాయి. నాలుగో చుట్టులో, రెక్క గుమ్మానికి ఇవతల ఉండగానే, మెత్తగా ఆపారు. అంటే సంతోషం. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

ఆయన వాళ్లవైపు చూడకుండా లోపలికి వెళ్లారు. పిండి చిటికెడు తీసి, బొటనవేలితో చాలాసేపు రుద్దారు.

"ముతక. రాళ్లు ఎడంగా పెట్టావు. సోమవారం ఎన్నింటికి తెరుస్తావు?"

"ఎనిమిదింటికండీ."

"మా నాన్న ఆరింటికల్లా తీసేవాడు" అన్నారు. "ఆరింటికి వస్తాను. తలుపు తీసి ఉంచు."