మట్టి నిండేదాకా

ఉప్పు.

పొద్దున్నే బడి తాళం తీస్తే మొదట తగిలేది అదే. కిటికీ ఊచల మీద సన్నగా, తెల్లగా. వేలితో రాస్తే గరగరమంటుంది. మైపాడు సముద్రం వైపు నుంచి గాలి రాత్రంతా మోసుకొచ్చి పూసిపోతుంది. సుభాషిణి తడిగుడ్డతో తుడుస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ వస్తుంది.

తుడవడం ఆమె ఉద్యోగం. ఆ బడికి ఆయా. గదులు ఊడవడం, నీళ్లు పట్టడం, గంట కొట్టడం.

పాడమని మాత్రం ఎవరూ జీతం ఇవ్వలేదు.

పిల్లలు రాకముందు, ఏడో తరగతి గదిలో, చీపురు గోడకానించి పాడేది. యేసయ్య పాటలు. ఆ గదికి రేకుల కప్పు. పాటను పైకి పోనివ్వదు, తిప్పి ఆమెకే ఇచ్చేస్తుంది. హెడ్మాస్టరు నరేంద్రబాబు ఒకసారి గుమ్మంలో నిలబడి, పాట అయ్యేదాకా ఆగాడు.

"బాగా పాడతావమ్మా. గంట కొట్టినాక మాత్రం వద్దు. ఇది అందరి బడి."

సరేనంది. గంట కొట్టేది తనే కదా... పాట అయ్యాకే కొట్టేది. కొన్ని రోజులు ఆ బడి కాస్త ఆలస్యంగా మొదలయ్యేది. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు.

అప్పట్లో పాటంటే ఆమెకు ఆకలి.

పెంచలకృష్ణ ఆమె మొగుడు. రొయ్యల గుంటల దగ్గర కాపలా. అతని దేవుడు కొండ మీద నరసింహస్వామి, ఆమె దేవుడు యేసయ్య. పెళ్లయిన కొత్తలో దాని గురించి పోట్లాడుకున్నారు. తర్వాత విసుగొచ్చి మానేశారు. ఆదివారం బండి మీద తెచ్చి చర్చి ముందు దించేవాడు. లోపలికి రాడు. గోడ నీడలో బండికి స్టాండేసి, బీడీ వెలిగించి కూర్చునేవాడు.

లోపల అందరూ చేతులెత్తి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు. బయట అతనొక్కడే వినేవాడు.

తిరుగుదారిలో, గాలిలో, తల తిప్పకుండా అనేవాడు —

"మూడో చరణంలో జారినావు మే."

నిజమే. జారింది. అంత మందిలో ఎవరికీ తెలియలేదు, అతనికి తెలిసింది. వీపు మీద ఒక్కటి వేసేది. ఆ దెబ్బలో ఎంత సంతోషమో చెప్పలేం.

సుభాషిణి వాళ్ల చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది.

శవపెట్టెను గొయ్యిలోకి దించగానే పాట ఎత్తుకోవాలి. మట్టి నిండేదాకా ఆపకూడదు. చరణాలు అయిపోతే మళ్లీ మొదటి నుంచి. పారలు ఆగితేనే పాట ఆగాలి. పాడేవాళ్లు ఏడవకూడదు. ఏడిస్తే గొంతు తెగుతుంది. గొంతు తెగితే పోయినవాళ్లు నిశ్శబ్దంలో పడి ఉంటారని వాళ్ల నమ్మకం. ఊళ్లో ఎవరు పోయినా సుభాషిణినే పిలిచేవాళ్లు. ఆమె ఎప్పుడూ తెగనివ్వలేదు.

పోయిన వానల్లో పెంచలకృష్ణ పోయాడు.

గుంట గట్టు మీద, తడి చేత్తో మోటారు స్విచ్ వేయబోయి... కరెంటు.

ఇంటి ముందు పడుకోబెట్టారు. సుభాషిణి లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది కూడా. మరిది మధుబాబు అడ్డం వచ్చాడు. కోపంగా కాదు, ఏడుస్తూనే.

"వద్దొదినా. అన్న మా పద్ధతిలోనే పోవాల. మా ఆడోళ్లు కాటికి రారు. నువ్వు ఇంట్లోనే ఉండు."

ఉండిపోయింది.

తీసుకెళ్లారు. కాల్చారు. బూడిద సముద్రంలో కలిపారు. అన్నీ తర్వాత ఎవరో చెబితే వింది.

గొయ్యి లేదు. మట్టి లేదు. పాట లేదు.

ఆ తర్వాత... ఏమీ లేదు.

ఊచలు తుడిచింది. గంట కొట్టింది. ఎవరైనా తినమంటే తింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు ఎదురుచూసింది. అతని చొక్కా ముందు పెట్టుకుని కూర్చుంది. చొక్కా చొక్కాలాగే ఉంది.

గొంతు చెడిపోయినా బాగుండేది. చెడలేదు. ఇంకా బాగుపడింది.

పాస్టరు గారు నెల్లూరు తీసుకెళ్లి పాట రికార్డు చేయించారు. ఎన్నేళ్ల కోరిక అది! అద్దాల గదిలో, చెవులకు ఏదో తగిలించుకుని నిలబడి, ఒక్క ఊపున పాడేసింది. ఎక్కడా ఆపాల్సిన పని పడలేదు. పాట ఊరూరా ఫోన్లలో తిరిగింది. ఆదివారం ఆడవాళ్లు చేతులు పట్టుకుని ఏడ్చారు.

"ఎంత ఆత్మతో పాడినావక్కా!"

తన చేతుల వంక చూసుకుంది. తడిగా ఉన్నాయి. ఆ తడి వాళ్లది.

ఇంటికి నడుచుకుంటూ పోయింది. దారంతా తన పాటను తనే వెతుక్కుంది. ఎక్కడైనా జారానా? జారలేదు. ఎక్కడా జారలేదు. అప్పుడు భయం వేసింది. ఇన్ని నెలల్లో ఆమెకు కలిగిందల్లా ఆ భయం ఒక్కటే.

ఒక్కసారి అతని కోసం ఏడవాలి. దేవుణ్ణి ఇంకేమీ అడగడం మానేసింది.

వేసవి మొదట్లో వెంకటశేషమ్మ పోయింది. బళ్లో పిల్లలకు అన్నం వండే మనిషి, ఆమెదీ అదే చర్చి. సుభాషిణికి రోజూ అడుగు మాడు గీకి పెట్టేది.

సరుగుడు తోపులో గొయ్యి తవ్వారు. ఎండ. ఇసుక నేల. పారలు పట్టినవాళ్లలో మధుబాబు కూడా ఉన్నాడు, వెంకటశేషమ్మది వాళ్ల వీధే. నరేంద్రబాబు చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాడు.

పెట్టె దిగింది. పాస్టరు గారు తల ఊపారు.

పాట ఎత్తుకుంది.

మట్టి పడింది. పాట నడిచింది. మట్టి... పాట... మట్టి. వెంకటశేషమ్మ కూతురు పొర్లి పొర్లి ఏడ్చింది. సుభాషిణి గొంతు తెగలేదు. చరణాలు అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి పాడింది. సరుగుడు ఆకుల్లో గాలి, ఆ వెనక సముద్రం హోరు.

పారలు ఆగాయి.

పాట ఆగలేదు.

మట్టి కుప్ప చదును చేశారు. పూలు పెట్టారు. కొవ్వొత్తులు గాలికి ఆరిపోయాయి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చరణం చివర ఊపిరి తీసుకునే చోట పాస్టరు గారు దగ్గరికొచ్చారు.

"చాలమ్మా. పూడ్చేసినారు."

"ఇంకా నిండలేదయ్యగారూ" అంది.

ఆమె గొయ్యి వైపు చూడటం లేదు. తోపు అవతల, సముద్రం వైపు తిరిగి ఉంది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

ముందుగా అర్థమైంది మధుబాబుకే. పార కింద పడేశాడు. వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు. ఎక్కడ వేయాలో తెలియక, చెయ్యి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

సుభాషిణి మొదటి చరణం ఎత్తుకుంది.