పెన్సిలు గుర్తులు

స్టూడియోలో గిటారు పెట్టె మూత తీయగానే పెద్దాయన గుండె గుభేలుమంది. తీగల కింది పలక అద్దంలా మెరుస్తోంది. ఏ స్వరం ఎక్కడో తెలిసేందుకు తాను పెట్టుకున్న పెన్సిలు గుర్తుల్లో ఒక్కటీ లేదు.

"నాన్నా, నీ గిటారు తుడిచిపెట్టాను. ఎంత మురికి పట్టించావో!" అని పొద్దున కూతురు అంటే మురిసిపోయాడు కూడా.

మామూలు గిటారుకు పలక మీది లోహపు మెట్లు పీకేసి, ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించినవాళ్లలో ఆ ఊళ్లో ఆయనే మొదటివాడు. "గిటారుకి జోల పాడుతున్నావా?" అని నవ్వినవాళ్లే తర్వాత ఆయన తీరిక కోసం రికార్డింగులు వాయిదా వేసుకున్నారు. మెట్లు లేని వాద్యానికి చెవే దిక్కు. ఆ చెవి రెండేళ్లుగా మొరాయిస్తోంది. పై స్వరాలు దూదిలో చుట్టినట్టు వినపడతాయి. సంగతి పొక్కితే ఈ స్టూడియోలో కుర్చీ ఉండదు. కుర్చీ లేకపోతే తానేమిటో ఆయనకు తెలియదు.

పక్కనే వయొలిన్, విల్లు పట్టుకు కూర్చున్న బావమరిది వంగి చూశాడు.

"ఏం బావా, పెట్టెలో పామేమైనా ఉందా?"

"ఏం లేదురా. నాదేనా అని చూస్తున్నా."

"పెట్టె నీదే. కళ్లే ముసలివైపోయాయి. ఇటివ్వు, తీగలు నేను సరిచేస్తా."

అడగకుండానే అందుకుని సరిచేసి ఇచ్చాడు.

రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. చెమటకు కడ్డీ వేళ్లలో జారుతోంది. తన వంతు రాగానే అంచనా మీద జార్చాడు. స్వరం ఎక్కడ పడిందో తెలియలేదు.  కడ్డీ తగలని పక్క తీగను కూడా మీటాడు. రెండూ పొసగక, తొడలకు ఆనిన చెక్క గుడగుడలాడింది. కడ్డీని వెంట్రుకవాసి జరిపాడు. చెక్క నిమ్మళించింది. రెండు తీగలూ కలిశాయన్నమాట! నేర్పే దిక్కులేని రోజుల్లో ఆయన ఇలా తొడలతోనే నేర్చుకున్నాడు. వాటినే నమ్ముకుని చివరిదాకా వాయించాడు.

దీపం ఆరింది. అద్దం వెనక ఇంజనీరు మైకు దగ్గర ఏదో అన్నాడు. పెద్దాయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ముందు వరుసలోని వాద్యకారుల తలలన్నీ ఇటు తిరిగాయి. 

బావమరిది చెయ్యెత్తాడు. "నాదేనండీ తప్పు. విల్లు జారింది." తర్వాత పెద్దాయన చెవి దగ్గరికి వంగాడు. "ఇంకొక్కసారి వాయించాలట బావా."

నలభై ఏళ్లలో ఆ విల్లు జారడం పెద్దాయన చూడలేదు.

"నిజం చెప్పరా. నాదా, నీదా?"

"ముందు వాయించు. ఈసారి తొడలకి ఇంకాస్త గట్టిగా ఆనించుకో."

పెద్దాయన ఉలిక్కిపడి అతని ముఖంలోకి చూశాడు. ఆ కిటుకు తాను ఎవరికీ చెప్పింది లేదు. అప్పటికే అతను వయొలిన్ గడ్డం కిందికి చేర్చుకున్నాడు.

ఎర్రదీపం మళ్లీ వెలిగింది.