పెద్దాయనతో చెప్పండి

మా ఇంట్లో పెద్దాయన అంటే కప్ప.

బొటనవేలంత ఉంటాడు. వీపు ఆకుపచ్చ, దాని మీద నల్లమచ్చలు. పొట్ట మాత్రం ఎర్రగా నిప్పులా ఉంటుంది. గోడ వారన బల్ల, బల్ల మీద గాజు తొట్టె. తొట్టెలో సగం నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, మిగతా సగం ఏటవాలుగా పేర్చిన రాళ్ళు, వాటి మీద నాచు. ఈదినంతసేపు ఈది, తర్వాత రాయెక్కి కాళ్ళు ముడుచుకుని, ఇంటి వ్యవహారాలన్నీ తన నెత్తిమీదే ఉన్నట్టు కూర్చుంటాడు. అందుకే మా ఆయన ఆ పేరు పెట్టాడు. ఊరు మారిపోతున్న స్నేహితుడి దగ్గర్నుంచి సీసాలో వేసుకొచ్చి, "రెండు వారాలే" అన్నాడు. స్నేహితుడు మళ్ళీ రాలేదు. నాలుగేళ్ళకి మా ఆయన పోయాడు. పెద్దాయన ఉన్నాడు.

మా ఆయన పోయిన రెండో నెలలో ఆయన చొక్కాలు పనిచోట ఇద్దరికి ఇచ్చేశాను. అత్తని అడగలేదు. అది నా తప్పే. ఆ సాయంత్రం మా అత్త ఖాళీ అలమర ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా వైపు చూడకుండా తొట్టె దగ్గరికి వెళ్ళింది.

"చూశారా పెద్దాయనా, మనిషి గుర్తు కూడా ఇంట్లో మిగలకూడదట ఆవిడగారికి."

నాకు ఒళ్ళు మండింది. నేనూ తొట్టెకేసి తిరిగాను.

"పెద్దాయనా, చెదలు పట్టేదాకా దాచమంటారా అని అడగండి."

అంతే. అక్కణ్ణుంచి అయిదేళ్ళు మా ఇద్దరి మధ్య మాటలన్నీ ఆ తొట్టె మీదుగానే నడిచాయి.

"పెద్దాయనా, కూరలో ఉప్పు లేదని చెప్పండి."

"ఉప్పు డబ్బా ఆవిడ మోచేతి పక్కనే ఉందని చెప్పండి పెద్దాయనా."

"నా మోకాళ్ళ మాత్రలు అయిపోయాయి. ఎవరికైనా గుర్తుందో లేదో."

"సంచిలో ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోమనండి."

పెద్దాయన ఎవరి పక్షమూ వహించేవాడు కాదు. మా ఆడపడుచు రెండు వీధుల అవతల ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఇది చూసి, "వాడికి జీతం ఏర్పాటు చెయ్యండి వదినా, ఇంత చాకిరీ ఎవరు చేస్తారు" అనేది.

మాటల్లేని ఇంట్లో జరగాల్సిన పొరపాటే జరిగింది. పొద్దున్నే నేను పురుగులు వేసి పనికి వెళ్ళేదాన్ని. నేను వేశానో లేదో అడగడానికి అభిమానం అడ్డొచ్చి, మధ్యాహ్నం మా అత్త మళ్ళీ వేసేది. ఆరు నెలలకి పెద్దాయనకి మెడా నడుమూ తేడా లేకుండా పోయి నిమ్మకాయలా తయారయ్యాడు. చేపల షాపాయనకి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంటమ్మా, వీడికి ఇద్దరు పెళ్ళాలా?"

రోజు విడిచి రోజు పెట్టమన్నాడు. "సరిగ్గా చూసుకుంటే ఇరవై ఏళ్ళు బతుకుతుంది" అని దీవించినట్టు చెప్పాడు. ఇంటికొచ్చేదాకా దారిలో వేళ్ళు మడుస్తూనే ఉన్నాను. పెద్దాయనకి ఇరవై నిండేసరికి నాకు అరవై అయిదు వస్తాయి. అప్పట్నుంచి, మేత పెట్టినవాళ్ళు పురుగుల డబ్బా తలకిందులుగా పెట్టాలన్నది మా ఇంట్లో నియమం. ఆ నియమం కూడా మేము పెద్దాయనతో చెప్పే పెట్టుకున్నాం.

మేత అయితే మా అత్తే పెట్టగలదు. నీళ్ళతోనే వచ్చింది చిక్కంతా. కుళాయి నీళ్ళలో మందు కలుపుతారు, అది కప్పల చర్మానికి పడదు. బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచాలి, అప్పుడు ఆ మందు పోతుంది. మూడు రోజులకోసారి తొట్టెలో పాత నీళ్ళు కొన్ని తోడేసి ఆ నీళ్ళు పొయ్యాలి. మా అత్త మోకాళ్ళతో బకెట్ ఎత్తలేదు. కాబట్టి అయిదేళ్ళలో నేను మూడు రోజులకి మించి ఎక్కడికీ వెళ్ళలేదు. మా అక్క మనవరాలి పెళ్ళికి కూడా పొద్దున వెళ్ళి మర్నాటికి వచ్చేశాను.

నేను పెద్ద లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. ఈ మధ్య మా సూపర్‌వైజరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"అక్కా, బస్సులో నాలుగు గంటల దూరంలో కొత్తది తెరుస్తున్నారు. ఇస్త్రీ విభాగం నువ్వు చూసుకో. ఉండటానికి గది ఇస్తారు. నీ గది, నీ తాళం. జంతువుల్ని మాత్రం పెంచకూడదు. ఆదివారం పదింటికి మీ ఇంటి కిందికి వ్యాన్ వస్తుంది. నువ్వు దిగకపోతే మన మడతల దగ్గరుండే కళ్ళద్దాలామెని ఎక్కించుకుని వెళ్ళిపోతారు."

నీ తాళం అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. పుట్టింట్లో అక్కలతో పడుకున్నాను. ఇక్కడికొచ్చాక ఆయనతో, ఆ తర్వాత అత్తతో. నేనొక్కదాన్నే తలుపు వేసుకున్న గది నాకు ఎప్పుడూ లేదు.

ఆడపడుచుని అడిగాను. "అమ్మని నేను చూసుకోనా వదినా, అదేం మాట! కప్ప మాత్రం నా గడప తొక్కకూడదు. మా ఆయనకి దాన్ని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది" అంది.

చేపల షాపాయన తీసుకుంటానన్నాడు. ఆ మాట తొట్టె ముందు నిలబడి చెప్పాను.

"పెద్దాయనా, నన్ను కూడా అక్కడే అమ్మెయ్యమనండి" అంది మా అత్త. "నా కొడుకు తెచ్చిన ప్రాణం. మిమ్మల్ని వదిలి నేను ఎవరింటికీ వెళ్ళనని చెప్పండి."

వారమంతా ఇదే పాట.

"ఆదివారం పదింటికి నేను వెళ్తున్నానని చెప్పండి పెద్దాయనా."

"ఆదివారం నీళ్ళు మార్చే రోజని గుర్తు చెయ్యండి పెద్దాయనా."

ఆదివారం ఎనిమిదింటికి సంచి సర్ది తలుపు దగ్గర పెట్టాను. నీళ్ళు మార్చే వెళ్దామని తొట్టె దగ్గరికి వచ్చి చూస్తే, వల మూత పక్కకి జరిగి ఉంది. మూత కదలకుండా మేము పెట్టే పాత ఇస్త్రీపెట్టె నేల మీద ఉంది. రాళ్ళన్నీ తీసి చూశాను. పెద్దాయన లేడు.

మా అత్త కుర్చీలోంచి లేచింది. ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం. మంచం కింద, ఫ్రిజ్ వెనక, చెప్పుల్లో, తడిగుడ్డల కుప్పలో. ఒళ్ళు ఎండిపోతే బతకదు, ఎక్కువసేపు లేదు. వంగని మోకాళ్ళతో మా అత్త నేల మీద కూర్చుని అలమర కిందికి టార్చి వేసి చూసింది. ఏదో చెప్పబోయి అలవాటుగా తొట్టెకేసి తిరిగి, "పెద్దా..." అని ఆగిపోయింది. అక్కడ వినేవాళ్ళు లేరు. ఇద్దరం ఎవరి మూల వాళ్ళం వెతుక్కున్నాం.

పది కావడానికి పావుగంట ఉందనగా స్నానాలగదిలో బకెట్ వెనక తడి మూలలో కనబడ్డాడు. నా నీడ పడగానే వెన్ను విరుచుకుని, ఎర్రటి అరచేతులూ పొట్టా పైకి చూపించాడు. భయం వేస్తే అలా చేస్తాడు. చెయ్యి తడిపి ఎత్తి, మగ్గులో వేసి, పైన పళ్ళెం మూత పెట్టాను.

దొరికాడని కేక వెయ్యాలి. వెయ్యలేదు. కింద మురుగుకాలువ ఉంది, దిగి వెళ్ళి వదిలేస్తే నా బంధం తెగిపోతుందన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి వచ్చింది. ఈ మగ్గు మీద మూత ఉన్నంతసేపూ మా అత్త నాతోనే మాట్లాడాలి.

మగ్గు పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాను.

"అత్తయ్యా."

అయిదేళ్ళ తర్వాత ఆ పిలుపు. ఆవిడ ఉలిక్కిపడింది.

"మూత ఎవరు తీశారు?"

మా అత్త తొట్టెని చూసింది, గోడని చూసింది. చూడటానికి ఇంకేం మిగలక నన్ను చూసింది.

"నేనే తీశాను."

"ఎందుకు?"

"అది కనబడకపోతే వెతుకుతూ కూర్చుంటావు. పది దాటిపోతుంది."

"చచ్చిపోతే?"

"పోతే పోయింది. నాకెందుకే కప్ప? వాడు తెచ్చిన రోజునుంచీ నాకది అసహ్యమే." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నువ్వు రోజూ దాని ముందు నిలబడి నాకు జవాబు చెప్పేదానివి. దానికోసం ఉంచుకున్నాను. కూతురింట్లో ఎవరున్నారు నాతో పోట్లాడటానికి? అల్లుడు టీవీలో ఉంటాడు. అది ఫోన్లో ఉంటుంది. నన్ను కుర్చీలో పెట్టి, వేళకింత తినిపిస్తారు."

కింద వ్యాన్ హారన్ మోగింది.

మగ్గులో పెద్దాయన ఎగిరి పళ్ళేనికి కొట్టుకున్నాడు. టక్కుమంది. మా అత్త మగ్గుకేసి చూసింది.

"దొరికిందా?"

"దొరికింది."

"ఎంతసేపయింది?"

"ఇందాకే."

"అయితే వెళ్ళు. ఇంకా పోలేదుగా వ్యాన్." కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయి లేవలేక అక్కడే కూర్చుంది. "దాన్ని ఆ షాపులో ఇచ్చెయ్యమని నా కూతురికి చెబుతాను. వెళ్ళవే."

మనస్ఫూర్తిగానే అంది. అదే వచ్చింది నాకు చిక్కు. కప్ప అడ్డుపడితే కప్పని తిట్టుకుంటూ వెళ్ళిపోయేదాన్ని. అత్త అడ్డుపడినా తోసుకుని వెళ్ళేదాన్నేమో. ఇప్పుడు దారికి ఎవరూ అడ్డం లేరు. సంచి తలుపు దగ్గరే ఉంది. నాలుగడుగులు వెయ్యాలి, అంతే.

రెండోసారి హారన్ మోగింది. మెట్ల పిట్టగోడ మీంచి వంగి చూశాను. డ్రైవర్ పైకి చూసి, వస్తున్నావా అన్నట్టు చెయ్యి ఊపాడు. నా చేతిలో మగ్గు ఉంది. అది కింద పెట్టకుండా చెయ్యి ఎలా ఊపాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. మూడోసారి కూడా మోగింది. తర్వాత వ్యాన్ కళ్ళద్దాలామె ఇంటివైపు తిరిగింది.

లోపలికొచ్చి పెద్దాయనని తొట్టెలో వదిలాను. నీళ్ళు మార్చాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆ చర్మంలో కాస్త విషం ఉంటుంది, కడుక్కోకుండా కళ్ళు నులుముకుంటే మండుతాయి.

ఆ రోజునుంచి మా అత్త పెద్దాయన జోలికి పోవడం లేదు. నాతోనే మాట్లాడుతోంది. లేచింది మొదలు మాట్లాడుతోంది. కప్పతో చెప్పినప్పుడు విననట్టు ఊరుకునే వీలుండేది, చెప్పింది నాకు కాదుగా. ఇప్పుడు ప్రతి మాటకీ జవాబు కావాలి. స్నానానికి వెళ్తే తలుపవతల నిలబడి, "ఇంతసేపేం చేస్తున్నావే?" అంటుంది. పని నుంచి పావుగంట ఆలస్యమైతే మెట్ల మీద ఉంటుంది, ఆ మోకాళ్ళతో.

నిన్న నేను బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ కళ్ళద్దాలామె ఎలా ఉందట అక్కడ?"

"బాగానే ఉందట."

"గది ఎలా ఉందట?"

"కిటికీ ఉందట. పెద్దదట."

"మనకీ ఉందిగా కిటికీ."

నేను దుప్పటి అంచులు కలిపి మడతపెట్టాను.

"ఏమే, ఉందా లేదా?"

"ఉంది అత్తయ్యా."